మెటడోర్ మళ్ళీ మూసుకుపోయింది

బల్ల మీది డామినో వరసకి రెండు కొసల్లోనూ సున్నాలు, లాగే గుట్టలో రెండే బిళ్ళలు, ఒకరి చేతిలో నాలుగు, ఇంకొకరి చేతిలో పదహారు. డబుల్ సిక్స్ సెట్‌తో (0-0 నుంచి 6-6 దాకా 28 డామినో బిళ్ళలు, ఒక్కో బిళ్ళకి రెండు సగాలు) ఆడే ఆటలన్నిటికీ తలా ఒక పేజీలో నియమాలు రాసి పెట్టుకోవాలన్నది నా పని. మిగతా పేజీలు ఒక్కొక్కటే ఫైలు ఎక్కుతున్నాయి. మెటడోర్ పేజీ మాత్రం కొట్టివేతలతో నిండిపోయింది. ఇంత తెలివైన ఆట ఇలా మధ్యలో బిగుసుకుపోతుంటే నాకు నిజంగా బాధగా ఉంది.

ముందు కుదిరినవి. ఆల్ ఫైవ్స్ పేజీ పూర్తయింది, మొదటి డబుల్ (రెండు సగాల్లోనూ ఒకే అంకె ఉన్న బిళ్ళ) ఒక్కటే స్పిన్నర్, అంటే నాలుగు వైపులా ఆడదగ్గది, అన్న పద్ధతికే ఓటు వేశాను. ఫైవ్స్ అండ్ త్రీస్ అద్భుతంగా కుదిరింది. కొసల మొత్తం 15 వస్తే ఐదుల లెక్కన 3, మూడుల లెక్కన 5, కలిపి 8 పాయింట్లు. చివరికి సరిగ్గా 61 దగ్గర ఆగాలన్న షరతే ఆ ఆటకు ప్రాణం. చికెన్‌ఫుట్ సరదాగానే ఉంది కానీ డబుల్ నైన్ సెట్ (9-9 దాకా 55 బిళ్ళలు) లేకపోతే తొందరగా అయిపోతుంది. ఇవి చాలు, అసలు విషయానికి వస్తాను.

మెటడోర్‌లో ఒకే అంకె పక్కన అదే అంకె పెట్టం. తగిలే రెండు సగాలూ కలిపి 7 కావాలి. ఆరుకి ఒకటి, ఐదుకి రెండు, నాలుగుకి మూడు. డబుల్‌ని అడ్డంగా పెట్టరు, 6-6 కొసలో ఉన్నా దాన్ని ఆరు అనే లెక్కేసుకోవాలి. సున్నాకి ఏది కలిపినా 7 రాదు కాబట్టి సున్నా కొస మీద మెటడోర్లు మాత్రమే పడతాయి. అవి 6-1, 5-2, 4-3, 0-0, మొత్తం నాలుగు. వాటిని ఏ కొస మీదైనా, ఎటు తిప్పయినా వేసుకోవచ్చు. వేయడానికి లేనివాళ్ళు గుట్టలోంచి లాగుతూ పోవాలి, చివరి రెండు బిళ్ళలు మాత్రం నిద్రపోతాయి, అంటే వాటిని ఎవరూ లాగకూడదు.

చిక్కు ఎక్కడుందో తెలియాలని బిళ్ళలన్నీ బోర్లించకుండా పరిచి లెక్కపెట్టాను. కొసలో ఆరు ఉందనుకుందాం. ఒకటి ఉన్న బిళ్ళలు 7, వాటిలో లేని మెటడోర్లు 3, వెరసి 10 బిళ్ళలు పడతాయి. అంకె పక్కన అదే అంకె పెట్టే మామూలు డ్రా ఆటలో ఒక అంకె మొత్తం 7 బిళ్ళల మీదే ఉంటుంది, కొసలో ఉన్నది పోతే గరిష్ఠంగా 6. అంటే సున్నా రానంతవరకు మెటడోర్ మామూలు డ్రా కన్నా వదులైన ఆట. సున్నా వచ్చిందా, 10 కాస్తా 4 అవుతుంది. అందులో 0-0 వేసినా మళ్ళీ సున్నాయే మిగులుతుంది, కాబట్టి నిజంగా తలుపు తెరిచేవి 3. సున్నాలున్న బిళ్ళలేమో 7.

ఇక చేతుల సంగతి. ఇద్దరు ఆడితే తలా 7 బిళ్ళలు. అలా పంచినప్పుడు మీ చేతిలోకి ఒక్క మెటడోర్ కూడా రాకపోవడానికి అవకాశం దాదాపు 29 శాతం. ముగ్గురికి తలా 5 పంచితే అది 43 శాతానికి పెరుగుతుంది. నిద్రపోయే ఆ రెండు బిళ్ళల్లో కనీసం ఒక మెటడోర్ చిక్కుకునే అవకాశం 27 శాతం. ఈ మూడు అంకెలూ పక్కపక్కన రాసుకున్నాక ఆట బిగుసుకోవడం వింత కాదనిపించింది, సాగిన రౌండ్లే వింత అనిపించింది.

తమ్ముడితో ఆడిన రౌండ్ ఒకటి ఎత్తు ఎత్తుగా రాస్తున్నాను, చదివేవాళ్ళు బిళ్ళలు ముందు పెట్టుకుని చూస్తే బాగుంటుంది. నేను 6-6తో మొదలుపెట్టాను. వాడు కుడివైపు 1-5 వేశాడు, కొసలో ఐదు. నేను దానికి 2-4 వేశాను, కొసలో నాలుగు. వాడు ఎడమవైపు ఆరుకి 1-0 తగిలించాడు, ఆ కొస మూతపడింది. నా చేతిలో మూడు ఉన్న బిళ్ళ 3-3 ఒక్కటే, కుడివైపు అదే వేశాను. వాడు వెంటనే 4-0 దించాడు. బల్ల మీద ఆరు బిళ్ళలు పడ్డాయో లేదో రెండు కొసలూ సున్నాలే.

నా దగ్గర మెటడోర్ లేదు. లాగడం మొదలుపెట్టాను. గుట్టలో 14 ఉంటే 12 నా చేతికి వచ్చాయి, ఒక్కటీ మెటడోర్ కాదు. 5-2 నిద్రపోతున్న జతలో ఉంది, మిగతా మూడూ తమ్ముడి దగ్గరే ఉన్నాయి. "అక్కా, ఇంకెన్ని లాగుతావు? నీ వరస నా గ్లాసు దాకా వచ్చేసింది" అన్నాడు. మా బిళ్ళ వెడల్పు 25 మి.మీ., పదహారు నిలబెడితే 40 సెం.మీ. వరస. అప్పుడు నా చేతిలో 98 చుక్కలు, వాడి చేతిలో 17. వందకి ఆడే ఆటలో ఆ ఒక్క రౌండ్‌తోనే దాదాపు అంతా తేలిపోతుంది. వాడు గొప్పగా ఆడాడు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ రెండో మనిషికి చేయడానికి ఏమీ మిగలని రౌండ్‌ని మంచి రౌండ్ అని నేను అనలేను.

ఆ రౌండ్‌ని తిరగేసి చూస్తుంటే ఒక మంచి విషయం దొరికింది. సున్నా కాని ఏ కొసనైనా మూయగల మామూలు బిళ్ళ ఒక్కటే ఉంటుంది. ఆరుని 1-0, ఐదుని 2-0, నాలుగుని 3-0, మూడుని 4-0, రెండుని 5-0, ఒకటిని 6-0. వీటికి మేం మూత బిళ్ళలని పేరు పెట్టుకున్నాం. ఇవి కాక ఎక్కడైనా పడగలిగే 0-0 ఒకటి. అంటే 1-0 పడిపోయాక కొసలో ఆరుని వదిలితే 0-0 తప్ప దాన్ని ఎవరూ మూయలేరు. పై రౌండ్‌లో నా దగ్గర 3-3కి బదులు 3-6 ఉండి ఉంటే తమ్ముడు దాన్ని మూయడానికి తన 0-0ని ఖర్చుపెట్టాల్సి వచ్చేది. ఏ మూత బిళ్ళలు పడ్డాయో గుర్తుపెట్టుకుని, వాటికి చెందిన అంకెల్నే కొసలో వదలడం మొదలుపెట్టాక ఇద్దరి ఆట చాలా మెరుగైంది. ఆట మధ్యలో మాత్రమే సుమా. మొదటి నాలుగైదు ఎత్తుల్లో మూతలు దాదాపు అన్నీ ఇంకా చేతుల్లోనో గుట్టలోనో ఉంటాయి కాబట్టి ఏ కొసకీ భరోసా లేదు. అప్పుడే బిగుసుకుంటే ఈ జ్ఞానం అక్కరకు రాదు.

అందుకని నియమాల వైపు వెళ్ళాను. మొదట నిద్రపోయే రెండు బిళ్ళల్నీ లేపేశాం, గుట్ట ఖాళీ అయ్యేదాకా లాగొచ్చన్నాం. 27 శాతం గొడవ పోయింది, కానీ చేయి 18 బిళ్ళల దాకా ఉబ్బే ప్రమాదం వచ్చిపడింది. నాకు నచ్చలేదు. తర్వాత చేతిలో మెటడోర్ ఉన్నా వేయడం మన ఇష్టం అన్నాం. అది ఇంకా ఘోరం. ఉన్నవాళ్ళు దాచుకుని కూర్చుంటారు, లేనివాళ్ళు లాగుతూనే ఉంటారు. మూడోది కొంత పనిచేసింది: వంతుకి ఒక్క బిళ్ళే లాగాలి, పడకపోతే పాస్, పడే బిళ్ళ ఉంటే అది మెటడోరైనా వేసి తీరాలి. ఇలా చేస్తే గుట్ట భారం ఇద్దరి మీదా సమానంగా పడుతుంది, తెరిచే బిళ్ళ ఎవరికి తగులుతుందా అని ప్రతి లాగుడికీ టెన్షన్ ఉంటుంది. ఇద్దరి ఆటకు ఈ నియమాన్నే పేజీలోకి ఎక్కించాను, ఇది పెన్సిల్ రాత కాదు.

ముగ్గురి ఆట దగ్గరే బండి కదలడం లేదు. తలా 5, గుట్టలో 13. తమ్ముడి పక్కన మరదలు, ఆమె పక్కన నేను. తమ్ముడు కొస మూస్తే మొదట చిక్కేది మరదలే. ఆమె లాగి లాగి ఒక మెటడోర్ పట్టి తెరిచిందంటే ఆ తెరిచిన కొస మీద హాయిగా ఆడేది నేను. కష్టం ఒకరిది, లాభం మరొకరిది. "వదినా, కుర్చీలు మారుద్దాం, ఈ చోటే బాగోలేదు" అంది. మారాం. కొత్తగా ఆ చోట కూర్చున్న నాకు అదే గతి పట్టింది. కాబట్టి ఇది ఆటగాళ్ళ నైపుణ్యానికి సంబంధించింది కాదు, మూసే చేతికి పక్కన ఎవరుంటారన్న దానికి సంబంధించింది. వంతుకి ఒక్క బిళ్ళ నియమం పెట్టినా సగమే తగ్గింది, ఎందుకంటే మొదట లాగాల్సింది ఎప్పుడూ ఆ పక్కవాళ్ళే.

నా అనుమానాలు రెండు. ఒకటి, తలా 5 చాలా తక్కువ. 7 పంచితే గుట్టలో 7 మిగులుతాయి, మెటడోర్ లేని చేయి 43 నుంచి 29 శాతానికి దిగుతుంది, ఎవరి చేయీ మరీ ఉబ్బదు. కాకపోతే మూత బిళ్ళలు కూడా అంతే త్వరగా చేతుల్లోకి వస్తాయి. రెండోది, కొస మూసినవాళ్ళే ముందు ఒక బిళ్ళ లాగాలని షరతు పెట్టడం. మూయడానికి ఒక ధర ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. మొదటి దాని మీద నాకు ఎక్కువ నమ్మకం, రెండోది తమ్ముడికి బొత్తిగా నచ్చలేదు. వాడి పేరు మీదే ఆ నియమం పుట్టింది మరి.

డబుల్ నైన్ సెట్‌తో ఆడితే సరిపోతుందని కొందరు అంటుంటారు. అక్కడ మొత్తం 10 రావాలి, మెటడోర్లు 9-1, 8-2, 7-3, 6-4, 5-5, 0-0. కాగితం మీద చూస్తే మామూలు కొస మీద 55లో 15 పడతాయి, అంటే 27 శాతం. చిన్న సెట్‌లో అది 28కి 10, దాదాపు 36 శాతం. సున్నా కొస మీద 11 శాతమే, ఇక్కడ 14. మెరుగయ్యేవి రెండే. ఏ కొసకైనా మూత బిళ్ళ 28లో ఒకటికి బదులు 55లో ఒకటి. మెటడోర్ నిద్రపోయే అవకాశం కూడా 21 శాతానికి తగ్గుతుంది. మూతపడటం తగ్గుతుంది కానీ పడ్డాక తెరవడం కష్టమవుతుందని నా అంచనా. ఆడి చూడాలి.

బిళ్ళల గురించి ఒక మాట. పదహారు బిళ్ళల్ని నిలబెట్టుకోవాల్సిన ఆటకు మందం ముఖ్యం. 9 మి.మీ. కన్నా పలచని చెక్క బిళ్ళలు మోచేయి తగిలితే వరసంతా పడిపోతాయి, గుట్టు బయటపడుతుంది. టెక్సస్‌లోని వేకోకి చెందిన ప్యూరెమ్కో కంపెనీ బిళ్ళలు ఒకసారి పట్టుకున్నాను, ఆ బరువు, ఆ నునుపు నాకు ఇప్పటికీ ఇష్టం. చుక్కలు ముద్రించినవి వద్దు, చెక్కి రంగు నింపినవే కొనండి. మెటడోర్‌లో ఎదురుగా ఉన్న కొసని తలకిందులుగా చదవాలి, చెరిగిన చుక్కలతో ఐదు మూడులా కనిపిస్తే లెక్కంతా తప్పుతుంది. రంగురంగుల చుక్కలు కూడా ఈ ఆటకు పనికిరావు. ఒకే రంగు పక్కన అదే రంగు వెతకడం కంటికి అలవాటైపోతుంది, ఇక్కడ కావాల్సింది దానికి విరుద్ధం.

నాలుగో మనిషి దొరికితే ఫార్టీ టూ మొదలుపెడదామని ఉంది. ఏడు పట్లకి ఏడు పాయింట్లు, 5-0, 4-1, 3-2లకి అయిదేసి, 5-5, 6-4లకి పదేసి, మొత్తం 42. వేలం కనీసం 30 నుంచి. తురుపు పాడుకునే పేకాటలు తెలిసినవాళ్ళకి ఇది చప్పున పట్టుబడుతుంది, బెర్గెన్ అనే ఇంకో డామినో ఆట కన్నా ముందు దీన్నే నేర్పాలి. ఈలోపు మరదలు పట్టీలతో బిళ్ళల స్టాండ్ ఒకటి చేస్తానంది, పొడవు 45 సెం.మీ. అడిగాను. తలా 7 పంచే మెటడోర్ ముగ్గురికీ కుదిరితే 30 చాలు, అందుకే పట్టీలు కోయకుండా ఆగమన్నాను.