ఫ్లెక్సీ దిగాక నిలబడిన నడక

నిన్న సాయంత్రం రక్తపరీక్ష రిపోర్టు చేతికి వచ్చింది. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ ఏడాది కిందట 6.3 ఉండగా ఇప్పుడు 5.8కి దిగింది. 6.5కి చేరితే మధుమేహం వచ్చినట్టు, 5.7 నుంచి 6.4 దాకా దాని వాకిట్లో నిలబడినట్టు లెక్క. నేనింకా ఆ వాకిలి పూర్తిగా దాటి బయటపడలేదు గానీ, లోపలి గడప దగ్గర నుంచి వీధి గడప దగ్గరికి వచ్చాను. ఈ సంతోషం చల్లారకముందే గడిచిన ఏడాది సంగతి రాయాలని కూర్చున్నాను. కొత్త సంవత్సరం తీర్మానాలతో ఈ పది రోజుల్లో జిమ్ మెట్లు ఎక్కిన ఆడవాళ్లు తప్పకుండా చదవాలని నా కోరిక.

నాకు 44 ఏళ్లు. నెల్లూరులో ఉంటూ దగ్గర్లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. 2024 డిసెంబరు చివర్లో డాక్టరు గారు మందులేవీ రాయకుండా, ముందు నడక, తిండి సరిచేసుకుని బరువు తగ్గించుకోమని చెప్పి పంపారు. చక్కెర వల్ల మా అమ్మ కాలి వేలు పోగొట్టుకోవడం కళ్లారా చూసినదాన్ని కాబట్టి, ఆ మాట విన్న రోజే గట్టిగా తీర్మానించుకున్నాను.

2025 జనవరి 1న మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న జిమ్‌కు వెళ్లాను. ఆ రోజే కడితే ఏడాదికి 14,000 రూపాయలు, మర్నాటి నుంచి 22,000 అన్నారు. అక్కడికక్కడే ఫోన్‌పేలో కట్టేసి, చిన్న అక్షరాల ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేజీల ఫారం మీద వాళ్లు వేలు పెట్టి చూపించిన మూడు చోట్లా సంతకాలు చేశాను. ప్రశ్నను రెండుసార్లు చదవనిదే జవాబు మొదలుపెట్టవద్దని పిల్లలకు రోజూ చెప్పే నేను ఆ ఫారం ఒక్కసారైనా చదవలేదు. ఆ తప్పు నాదే.

మర్నాడు సాయంత్రం ఆరున్నరకు, జిమ్ కిటకిటలాడే వేళలో, హాలు మధ్యలో ఉన్న ఒక మిషన్ మీద చెప్పులు విప్పి నిలబడి రెండు పిడులు పట్టుకోమన్నారు. పాతికేళ్లు కూడా నిండని ట్రైనరు ఆ మిషన్ తెర మీది అంకెలను, హాలు ఆ చివర కౌంటరు దగ్గర రాసుకుంటున్న అమ్మాయికి వినబడేలా గట్టిగా చదివాడు. "బరువు 78.4! కొవ్వు 41 శాతం! బాడీ ఏజ్ 59!" ట్రెడ్‌మిల్‌ల మీద పరుగెత్తుతున్న వాళ్లు తలలు తిప్పి చూశారు. వాళ్లలో ఒకడు నాలుగేళ్ల కిందట నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లవాడు. చెవుల్లో పెట్టుకున్నవి తీసి, "నమస్తే టీచర్" అని, నా మొహం చూడలేక నేల వైపు చూశాడు. అంతటితో కాలేదు. గోడకు పక్కగా నిలబెట్టి, చున్నీ తీసి పక్కన పెట్టమని, ఫోనుతో మూడు ఫొటోలు తీశాడు. ఎందుకని అడిగితే "రికార్డు కోసం మేడమ్" అన్నాడు. ఒక మనిషి ఒంటి లెక్కలు నలుగురిలో చదివి వినిపించే హక్కు అతనికి ఎవరిచ్చారని అప్పుడే అడగవలసింది. నోరు పెగలలేదు.

అయినా తొమ్మిది రోజులు వెళ్లాను. మొదటి వారంలోనే గెంతించడంతో మోకాళ్లు వాచాయి. 6,500 రూపాయల ప్రొటీన్ పొడి డబ్బా కొనకపోతే ఫలితం ఉండదని రోజూ వెంటపడ్డారు. ఇంతలో సంక్రాంతి సెలవులు వచ్చాయి. పండగ వెళ్లి బడి తెరిచిన రోజున మా హిందీ మేడమ్ నన్ను పక్కకు పిలిచి, "మీ ఫొటో ఫ్లెక్సీ మీద వేయించారా?" అని అడిగింది.

సాయంత్రం ఆటో దిగి చూశాను. జిమ్ ముందు రెండు కరెంటు స్తంభాలకు ఇనుప తీగతో కట్టిన పెద్ద ఫ్లెక్సీ. ఎడమ వైపు పక్కకు తిరిగి నిలబడ్డ నేను, కుడి వైపు మొహం కనబడని ఎవరో సన్నటి అమ్మాయి, మధ్యలో ఎర్రటి బాణం, కింద "90 రోజుల్లో". నేను చేరి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. గాలి కొట్టినప్పుడల్లా ఆ గుడ్డ ముందుకు ఉబ్బుతుంటే బొమ్మలో నా పొట్ట కూడా ఉబ్బుతోంది. నా క్లాసు పిల్లలు సైకిళ్ల మీద ఇంటికి పోయేది ఆ వీధిలోనే. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మొదటిసారి వెళ్లి అడిగితే ఓనరు చెన్నైలో ఉన్నారన్నారు. రెండోసారి మేనేజరు నా ఫారం తీసి, మూడో పేజీలో ఫొటోల గురించిన లైను మీద పెన్నుతో గీత గీసి, "మీరు సంతకం పెట్టారు గదా మేడమ్" అన్నాడు. మూడోసారి మా ఆయన్ని వెంట తీసుకుని వెళితే, పర్సనల్ ట్రైనింగ్ ప్యాకేజీ తీసుకుంటే మొహం కనబడకుండా చేయిస్తామని బేరం పెట్టాడు. ఆ మాటతో నాలో సిగ్గు పోయి కోపం వచ్చింది. ఇంటికి వచ్చి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. అక్కడ తెలుగులోనే మాట్లాడారు. ఓపికగా విని, రసీదు, ఫ్లెక్సీ ఫొటో పంపించుకుని, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. రెండు వారాల్లో జిమ్ వాళ్లే ఫోన్ చేసి 9,000 రూపాయలు వెనక్కి వేశారు. ఫ్లెక్సీ మాత్రం అంతకు ముందే దిగింది. "మేమంతా మానేస్తామని చెప్పి రాత్రే దింపించాం టీచర్" అని ఆ పదో తరగతి పిల్లవాడు రోడ్డు మీద స్కూటరు ఆపి చెప్పాడు. 20 ఏళ్ల ఉద్యోగంలో నాకు దక్కిన గౌరవాల్లో దాన్నే ముందు చెప్పుకుంటాను.

ఆ మిషన్ సంగతి తర్వాత తెలుసుకున్నాను. ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, దానికి ఒళ్లు ఎంత అడ్డుపడుతోందో చూసి కొవ్వును అంచనా కడుతుంది. ఒంట్లో నీరు ఎక్కువా తక్కువా అయితే అంకె కూడా మారిపోతుంది. డాక్టరు గారికి ఆ కాగితం చూపిస్తే పక్కన పెట్టి, దర్జీ టేపుతో నడుము కొలవమని నర్సుకు చెప్పారు. 98 సెంటీమీటర్లు. మన దేశంలో ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 దాటకూడదట. టేపు కొనుక్కుని ఇంట్లోనే కొలుచుకోండి. ఏడాది ఫీజు ఎక్కడా ఒకేసారి కట్టవద్దు. పొడి డబ్బా అమ్మేవాడి ఆరోగ్య సలహా వినవద్దు. ఇంగ్లీషు ఫారం ఇస్తే ఇంటికి తెచ్చుకుని చదివే సంతకం పెట్టండి, ఇంటికి ఇవ్వబోమంటే అక్కడి నుంచి వచ్చేయండి.

ఫ్లెక్సీ దిగినా వీధిలో నడవడానికి మొహం చెల్లలేదు. అందుకని రాత్రి గిన్నెలు సర్ది, వంటింటి లైటు తీసేయగానే మిద్దె ఎక్కి పది నిమిషాలు నడవడం మొదలుపెట్టాను. వంటింటి లైటు తీయడం ఏ రోజూ తప్పని పని కాబట్టి, దాని వెనకే నడక కూడా తప్పకుండా జరిగింది. భోజనం అయ్యాక నడిస్తే చక్కెర అంతగా పైకి ఎగబాకదని డాక్టరు గారు కూడా మెచ్చుకున్నారు. మొదట్లో అత్తయ్య మెట్ల కింద నిలబడి, "ఏందమ్మా, ఈ చీకట్లో మిద్దె మీద ఏం చేస్తుండావు?" అని కేకేసేవారు. మార్చికి ఆమె కూడా వచ్చి నీళ్ల ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు.

21 రోజుల్లో అలవాటు అవుతుందని అందరూ అంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన పరిశోధనలో మధ్యగతం, అంటే సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి ఎక్కువ పట్టిన అంకె, 66 రోజులని తేలింది. గణితం చెప్పేదాన్ని కాబట్టి ఆ ఒక్క అంకె దగ్గర ఆగలేదు, వ్యాప్తి చూశాను. 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదని కూడా అందులోనే ఉంది. నాకు దాదాపు అయిదు నెలలు పట్టింది. ఆ వ్యాప్తి తెలియకపోతే 67వ రోజున నా వల్ల కాదని మానేసి ఉండేదాన్ని.

ఏప్రిల్ నుంచి తెల్లవారి 5:20కి వీఆర్‌సీ మైదానానికి వెళ్తున్నాను. మన ఊరి ఎండలు తెలిసినవే. రోహిణి కార్తెలో ఆరున్నరకల్లా ఇల్లు చేరకపోతే ఒళ్లు కాలిపోతుంది. అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు మైదానంలో నీళ్లు నిలిచి వారం రోజులు నడక సాగలేదు, అప్పుడు బడి వరండానే దిక్కయింది. వారానికి 150 నిమిషాల నడకతో పాటు రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది కాబట్టి, ఆ రెండు రోజులూ కుర్చీలో నుంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, గోడను తోయడం చేస్తున్నాను.

తిండిలో అన్నం మానలేదు, మానమని ఎవరు చెప్పినా వినను. నలుగురికి పూటకు రెండు సోలలు, అంటే ఎనిమిది గిద్దల బియ్యం పోసేవాళ్లం. నెలకు ఒక గిద్ద చొప్పున తగ్గిస్తూ మూడు నెలల్లో అయిదుకు తెచ్చాను. ఒకేసారి తగ్గిస్తే ఇంట్లో గొడవ అయ్యేది. ఆ తగ్గిన చోట చిక్కుడుకాయో, దొండకాయో, ఆకుకూర పప్పో ఎక్కువ వడ్డించాను. చేపల పులుసు ఆదివారం యథాప్రకారం ఉంది. ఇప్పుడు నా బరువు 71 కిలోలు, నడుము 89 సెంటీమీటర్లు. ఇంకా తొమ్మిది తగ్గాలి.

ఈ ఉదయం పండగ అరిసెలకు బియ్యం నానబోయడానికి అత్తయ్య సోల చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. నిరుడు నాలుగు పోసినామె. "ఈసారి ఎన్ని పొయ్యమంటావమ్మా?" అని అడిగారు. రెండు చాలన్నాను. రెండే కొలిచి పోసి, సోల బోర్లించి పెట్టారు.