మైకులో పేరు

నైజీరియాలోని లాగోస్‌లో శనివారం వచ్చిందంటే ఏదో ఒక వీధి మూసేస్తారు. అడ్డంగా షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, చుట్టాలందరికీ ఒకే రకం బట్ట, ఇక ఒవాంబే, అంటే ఆర్భాటంగా చేసే పార్టీ, మొదలైనట్టే. నేను ఇక్కడే ఇకెజాలో ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను, ఆరేళ్లయింది. మొదట్లో రాత్రంతా నిద్ర పట్టక తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు పిలిస్తే వెళ్లి జాలఫ్ రైస్ (టమాటా వేసి వండే అన్నం) తినొస్తున్నాను, కారం మన నోటికి సరిపోతుంది.

పోయినేడాది మా స్టోర్‌లో పనిచేసే యోరుబా (ఇక్కడి ఒక జాతి, వాళ్ల భాష పేరూ అదే) కుర్రాడు వాళ్ల మేనమామ షష్టిపూర్తికి తీసుకెళ్లాడు. ఫూజీ బ్యాండు పెట్టారు. రంజాన్ నెలలో తెల్లవారుజామున జనాన్ని నిద్రలేపే పాటల్లోంచి పుట్టిన సంగీతం అది, సికిరు అయిండే బారిస్టర్ పెద్దది చేశాడు. యోరుబాలో స్వరం మారితే మాటకి అర్థమే మారిపోతుంది కాబట్టి వాళ్ల డోలు ఏకంగా మనిషి పేరే పలికేస్తుంది. ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో పాటగాడు ముందే కనుక్కుని ఉంటాడు. మేనమామ కొడుకు లండన్ నుంచి దిగాడు. అతని పేరు, తాత పేరు, మధ్యలో లండన్ పేరు కలిపి పాడుతుంటే నోట్లు కురిశాయి (ఇక్కడి డబ్బు నైరా, ఆ నోట్లు అలా చల్లడం 2007 చట్టం ప్రకారం నేరమే, వినేదెవరు). ఆ మామకి ఆస్పత్రి, మందులు, జనరేటర్‌కి పెట్రోలు అన్నీ చూసేది మావాడు. మైకులో వాడి పేరు రాలేదు.

కుర్రాళ్లు దేశం వదలడానికి కారణం ఈ కొత్త పాటలే అంటారు ఇక్కడి పెద్దవాళ్లు. 2018లో నైరా మార్లీ అనే పాటగాడు 'జాపా' అని పాట చేశాడు. జాపా అంటే తెంచుకుని పారిపోవడం, ఇప్పుడు వీసా తీసుకుని వెళ్లడాన్ని కూడా అదే మాటతో అంటారు. అతనూ లాగోస్‌లో పుట్టి పదకొండేళ్లకే లండన్ వెళ్లినవాడు. నాకైతే ఆ పాటకన్నా పార్టీలో మైకే ఎక్కువ పని చేస్తుందనిపిస్తుంది. మావాడు బ్రిటన్‌లో చదువుకని డబ్బు కూడబెడుతున్నాడు, కానీ 2023 జూన్‌లో నైరా రేటుని పట్టి ఉంచకుండా మార్కెట్‌కి వదిలేశాక డాలరుకి 460 దగ్గరున్నది ఏడాది తిరగకుండానే 1500 దాటింది. వాడు దాచింది అలాగే ఉంది, ఫీజే దూరం జరిగింది. అయినా మానలేదు.

ఒకరోజు లంచ్‌లో అడిగాడు, "ఓగా (ఇక్కడ సార్ అన్నట్టు), మీ ఊళ్లో మీ పేరు పాడతారా?"

మాది జగిత్యాల దగ్గర. మా దగ్గర గల్ఫ్ పాటలన్నీ ఏడుపే, పెళ్లాం ఏడుస్తుంది, తల్లి ఏడుస్తుంది, అవి వింటూనే బస్సులకి బస్సులు ఎక్కి పోయాం. పాడటం లేదు గానీ వినాయక చవితికి మండపం మైకులో చందాలు చదువుతారు, "దుబాయ్ నుంచి ఫలానా, వెయ్యినూటపదహార్లు" అని. చిన్నప్పుడు దాని కోసం అన్నం మానేసి నిలబడేవాణ్ణి.

మొన్న నేనూ 5116 పంపాను. అమ్మ ఫోన్‌లో నవ్వింది, మైకు పట్టుకున్న పిల్లగాడికి లాగోస్ అని నోరు తిరగక, నన్ను కూడా దుబాయ్‌లోనే కలిపేశాడట.