ఇంటి లోను షీటు, నాలుగో వెర్షన్: 240వ వరుసలో మిగిలిన 173.36

స్ప్రెడ్‌షీటులో వేసుకున్న లోను పట్టికలో ఆఖరి నెల ముగింపు బాకీ గడిలో సున్నా రావాలి. 173.36 వచ్చి కూర్చుంది.

తీసుకున్న అప్పు (అసలు) 10,00,000, వడ్డీ ఏడాదికి 9 శాతం, 240 నెలలు. ఇవే అంకెలకు మూడో వెర్షన్‌లో సున్నా వచ్చింది. ఇందులో మారిందల్లా ఒక్కటే: పీఎంటీ (నెల వాయిదా లెక్కించే ఫంక్షన్) ఇచ్చిన ఈఎంఐ 8,997.2596ని రౌండ్ ఫంక్షన్‌తో 8,997 చేయడం. నెలకు 0.2596 చొప్పున 240 నెలలకు తగ్గేది 62.29 మాత్రమే కదా, మరి 173 ఎక్కడిది? ఈ లెక్కతో ఈఎంఐ గడి మీద అనుమానం తొలగిపోయింది. ఇక మిగతా చోట్లన్నీ వెతుకులాట.

మొదటి అనుమానం దశాంశాల నిల్వ మీద. కానీ ఎక్సెల్ అయినా లిబ్రేఆఫీస్ అయినా సుమారు 15 అంకెల వరకు కచ్చితంగా దాచుకుంటాయి. ఆ దోషం దశాంశ బిందువు తర్వాత ఎక్కడో దూరాన తేలుతుంది తప్ప వందల్లోకి రాదు. రెండోది రేటు: 9ని 12తో భాగించిన 0.75కి బదులు చక్రవడ్డీ పద్ధతిలో తీసిన 0.7207 పడిందా? పడి ఉంటే బాకీ లక్షా నలభై వేలకు పైగా మైనస్‌లోకి పోయేది. మూడోది, ఫార్ములా లాగేటప్పుడు ఒక వరుస తక్కువైందేమో అని. అలాగైతే 9,102.09 మిగలాలి. అదీ కాదు.

తప్పు ఆ 62.29లోనే ఉంది. ప్రతి నెలా కట్టకుండా వదిలేసిన 0.2596 బాకీలోనే ఉండిపోయి, దాని మీదా వడ్డీ పెరుగుతుంది. ఎఫ్‌వీ (నెలనెలా వేసే మొత్తం వడ్డీతో కలిపి చివరికి ఎంతవుతుందో చెప్పే ఫంక్షన్)లో రేటు 0.75 శాతం, నెలలు 240, వాయిదా మైనస్ 1 ఇస్తే 667.887 వస్తుంది. 173.36ని దానితో భాగిస్తే సరిగ్గా 0.2596! షీటులో ఏ మిగులు కనబడినా ముందు ఈ భాగహారం చేయాలి. ఈఎంఐలో నెలకు ఎంత తప్పుందో నేరుగా చెప్పేస్తుంది.

ఇక ఆఖరి బాకీని సున్నా చేయాలి. దానికి వాయిదా గడిలో మిన్ (ఇచ్చిన వాటిలో చిన్నది తీసే ఫంక్షన్) ఒక్కటే పెడితే సరిపోదు. ఈఎంఐ పైకి రౌండ్ అయితేనే అది కాపాడుతుంది. కిందికి రౌండ్ అయితే 241వ వరుస పుట్టుకొస్తుంది. అందుకని వాయిదా గడిలో ఇఫ్ (షరతు పెట్టే ఫంక్షన్): నెల సంఖ్య 240 అయితే ప్రారంభ బాకీ, ఆ నెల వడ్డీ కలిపి మొత్తం, కాకపోతే మిన్‌తో ఈఎంఐ, ఆ మొత్తం, రెండిట్లో చిన్నది. ఇప్పుడు ఆఖరి వాయిదా 9,170.36. ఈఎంఐ 8,998 చేస్తే 8,503.47. ఆఖరి వాయిదా తక్కువగా ఉండడమే బాగుంటుంది కాబట్టి రౌండప్ వైపే మొగ్గు.

వడ్డీ గడికి రౌండ్ ఇంకా పెట్టలేదు. రెండో నెల వడ్డీ 7,488.7725, తెర మీద మాత్రం 7,488.77. ఫార్మాట్‌తో దశాంశాలు దాచడం రౌండ్ చేయడం కాదు, కూడికల దగ్గర బయటపడుతుంది. రెండు స్థానాలకు రౌండ్ చేస్తే మిగులు ఎటు జరిగినా 3.34 దాటదు (0.005 ఇంటూ 667.887). కనిపించినంతే ఖచ్చితత్వం అనే సెట్టింగ్ జోలికి మాత్రం పోవద్దు, టైపు చేసిన అంకెల తోకలు శాశ్వతంగా కోసేస్తుంది. ఐపీఎంటీ, పీపీఎంటీల (ఒక నెల వాయిదాలో వడ్డీ భాగం, అసలు భాగం ఇచ్చే ఫంక్షన్లు) జోలికీ అంతే: రౌండ్ చేయని ఈఎంఐతో లెక్కిస్తాయి, ఈ పట్టికతో కలవవు. ప్రారంభ బాకీ, వడ్డీ, అసలు, ముగింపు బాకీ అని కాలమ్‌లు చేత్తో కట్టుకోవడమే మేలు.

మొత్తం వడ్డీ చార్టు మొదటిసారే కుదిరింది.

తర్వాత చేయాల్సింది ముందస్తు చెల్లింపు కాలమ్. లోను 240కి ముందే తీరితే ఆ ఇఫ్ షరతు దాకా లెక్క వెళ్ళదు, అక్కడ మిన్ పనికొస్తుంది; ఆ కింది వరుసలు ఖాళీగా కనబడేలా చూడాలి. ఆ తర్వాత రోజువారీ వడ్డీ. 365తో లెక్కిస్తే మొదటి నెలకు 31 రోజులుంటే 7,643.84, 28 ఉంటే 6,904.11. అక్కడ పీఎంటీ ఈఎంఐతో సున్నా ఆశించడం దండగ, గోల్ సీక్ (కావలసిన ఫలితం వచ్చే అంకెను వెతికిపెట్టే సాధనం)తోనే పట్టాలి.