పాటది ఏది, టేపుది ఏది?

విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా, పాత ఇంగ్లీషు రాక్ అంటే చెవి కోసుకునేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ముందు తెరుచుకునేది క్యాసెట్ల పెట్టె. అందులో కొన్నవి తక్కువ, ఎక్కించుకున్నవి ఎక్కువ. అలా ఎక్కించిన మొదటి కాపీకే హిస్ (టేపు చేసే సుస్సుమనే శబ్దం) సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది, డ్రమ్స్‌తో పాటు మోగే ఇత్తడి పళ్లేల, అంటే సింబల్స్ మెరుపు కొంత రాలిపోతుంది. మూడో చేతికి వచ్చేసరికి డ్రమ్మర్ ఏం వాయించాడో ఊహించుకోవాల్సిందే. అందుకే ఈ పాటల్ని మళ్లీ వినాలంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. వినిపిస్తున్నదాంట్లో పాటది ఏదో, టేపుది ఏదో విడదీయాలి. ఇది ఒక్కరి వల్ల తేలే పని కాదు. ఒకరి దగ్గర పాడైన ఆల్బమ్ ఇంకొకరి దగ్గర బాగుంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి వింటేనే తేడా తెలుస్తుంది.

ముందు డెక్, అంటే క్యాసెట్ ప్లేయర్, శుభ్రం కావాలి. టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డునీ, టేపుని లాగే సన్నటి ఇనుప కడ్డీనీ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూది చుట్టిన పుల్లతో, గోధుమరంగు మరక అంటడం ఆగేదాకా తుడవండి. మందుల షాపు స్పిరిట్ వద్దు, దాంట్లో నీళ్లుంటాయి, కొన్నింట్లో నూనెలూ కలుపుతారు. సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మేచోట అడగండి, బోర్డులు కడగడానికి వాళ్లు వాడేది ఇదే. రబ్బరు రోలర్‌కి మాత్రం ఆల్కహాల్ పదేపదే తగిలితే గట్టిపడి పగుళ్లిస్తుంది. దానికి సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డ, ఆ తర్వాత మంచినీళ్ల గుడ్డ చాలు. ఏళ్ల తరబడి మూలపడ్డ డెక్‌లో బెల్టు తారులా కరిగి పుల్లీకి అంటుకుపోయి ఉంటుంది. ఆ జిగట మొత్తం తుడిచాకే కొత్తది వేయాలి. పాత బెల్టు సాగి ఉంటుంది కాబట్టి దాని కొలతకన్నా ఐదారు శాతం చిన్నది తీసుకోండి.

క్యాసెట్ వైపు ఎక్కువగా చెడేది ప్రెజర్ ప్యాడ్. టేపుని హెడ్డుకి అదిమి పెట్టే చిన్న ఫెల్టు ముక్క అది. జిగురు ఎండి ఊడిపోతే ట్రెబుల్ (సన్నటి, పదునైన శబ్దాలు) మొత్తం పోయి, పాట గోడవతల నుంచి వస్తున్నట్టుంటుంది. స్క్రూలున్న వేరే క్యాసెట్ డబ్బా విప్పి, రెండు చక్రాలూ టేపుతో సహా అందులోకి మార్చేయండి. స్క్రూల్లేని అతుకు డబ్బా అయితే అతుకు వెంట సన్నటి బ్లేడు పెట్టి మెల్లగా తెరవాలి.

ఇంత చేసినా మందంగా వినిపిస్తే తేడా ఆజిమత్‌లో ఉంది, అంటే ఎక్కించిన డెక్ హెడ్డు ఉన్న వాలుకీ మీ డెక్ హెడ్డు ఉన్న వాలుకీ పడటం లేదు. హెడ్డుకి ఒక పక్క, కింద స్ప్రింగున్న చిన్న స్క్రూ కనిపిస్తుంది. ముందు అది ఇప్పుడున్న చోట పెన్నుతో గుర్తు పెట్టుకోండి. యాంప్లిఫయర్‌ని మోనోలో పెట్టి, పాట నడుస్తుండగా స్క్రూని అర్ధపావు చుట్టుకి మించకుండా అటూ ఇటూ తిప్పి చూడండి. హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట సింబల్స్) ఎక్కడ అన్నిటికన్నా పదునుగా వినిపిస్తే అక్కడ ఆపాలి. మోనో ఎందుకంటే, వాలు తప్పినప్పుడు రెండు ఛానళ్ల ట్రెబుల్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, స్టీరియోలో అది అంత తేలిగ్గా దొరకదు. డాల్బీతో (హిస్ తగ్గించే ఏర్పాటు) ఎక్కించిన టేపైతే వాలు కుదిరాకే డాల్బీ వేయండి. అప్పటికే తగ్గిన ట్రెబుల్‌ని డాల్బీ ఇంకా తగ్గిస్తుంది. ఆ టేపు పనైపోయాక స్క్రూని పెన్ను గుర్తుకి తెచ్చేయండి, లేకపోతే తర్వాతి క్యాసెట్లన్నీ మందగిస్తాయి.

వేగం సంగతి మన విజయనగరంలో తేల్చుకున్నంత సులువుగా మరెక్కడా కాదేమో. 1919లో మొదలైన సంగీత కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న చోటు. పాట నేర్చుకునే ఇంట్లో శ్రుతిపెట్టె లేకపోయినా ఫోన్‌లో శ్రుతి యాప్ ఉంటుంది. డీప్ పర్పుల్ 1972 ఆల్బమ్ ‘మెషీన్ హెడ్’లోని ‘స్మోక్ ఆన్ ద వాటర్’ పెట్టి, యాప్‌ని ఐదు శ్రుతిలో ఉంచండి. గిటార్ రిఫ్ (పదేపదే వచ్చే స్వరాల వరస) జీ మైనర్‌లో ఉంటుంది, జీ అంటే మన ఐదు. షడ్జమం కలిసిపోతే వేగం సరిగ్గా ఉన్నట్టే. ఐదున్నరలో కలిస్తే టేపు దాదాపు 6 శాతం వేగంగా తిరుగుతోంది. రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటే 3 శాతం.

అది డెక్ తప్పా, క్యాసెట్ తప్పా అన్నది ఇంకో రెండు కంపెనీ క్యాసెట్లు పెడితే తేలుతుంది. అన్నీ అదే తేడాతో ఉంటే డెక్. చాలా డెక్‌ల మోటారు వెనక చిన్న కన్నం ఉంటుంది, దాంట్లో వేగం సర్దే స్క్రూ ఉంటుంది. ఒక్కటే తేడాగా ఉంటే, దాన్ని ఎక్కించిన డెక్ నెమ్మదిగా తిరిగిందన్నమాట. ఆ టేపుకోసం మోటారుని కదపొద్దు, కంప్యూటర్‌లోకి తీసుకున్నాక ఆడాసిటీ అనే శబ్దం దిద్దే ప్రోగ్రాములో వేగం, శ్రుతి రెండూ కలిసి మారే ఎఫెక్ట్‌తో తగ్గించండి, 6 శాతం ఎక్కువైన వేగం సరిపోవడానికి 5.6 శాతం తగ్గిస్తే చాలు. శ్రుతి ఒక్కటే మార్చే ఎఫెక్ట్ వాడితే లయ తప్పుగానే మిగులుతుంది. బీటిల్స్ ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’తో మాత్రం ఈ పరీక్ష చేయొద్దు. 1967లో వచ్చిన ఆ పాట వేర్వేరు వేగాల్లో రికార్డు చేసిన రెండు టేకుల్ని అతికించింది. దాని శ్రుతి ఏ మెట్టు మీదా సరిగ్గా కూర్చోదు.

ఇక్కడే అసలు ఆనందం మొదలవుతుంది. టేపు దోషమనుకుని ఏళ్ల తరబడి విసుక్కున్నవి కొన్ని పాటలోనే ఉన్నవి. బీటిల్స్ ‘యాబీ రోడ్’ మొదటి వైపు చివరి పాట దాదాపు ఎనిమిది నిమిషాలు మోగి మోగి, కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. టేపు తెగలేదు, 1969లో లెనన్ అక్కడే కోయమన్నాడు. పింక్ ఫ్లాయిడ్ ‘విష్ యు వర్ హియర్’ పాట మొదట్లో గిటార్ సన్నగా, రేడియోలో దూరపు స్టేషన్‌లా ఉంటుంది. అది కావాలని చేసింది. అక్కడ ఆజిమత్ స్క్రూ తిప్పడం మొదలెట్టారంటే పాడు చేసుకున్నట్టే, కాసేపాగితే దాని పక్కనే నిండైన అకూస్టిక్ గిటార్ వచ్చి కూర్చుంటుంది. 1964 నాటి కింక్స్ పాట ‘యు రియల్లీ గాట్ మీ’లో గిటార్ చిరిగిన స్పీకర్‌లా గరగరలాడుతుంది. చిరిగిన స్పీకరే అది, డేవ్ డేవిస్ తన చిన్న యాంప్లిఫయర్ కోన్‌ని బ్లేడుతో కోశాడు. మీ స్పీకర్లు బాగానే ఉన్నాయి.

లెడ్ జెప్పెలిన్ ‘హోల్ లాటా లవ్’ (1969) ఇంకా చిత్రం. నాలుగో నిమిషం దాటాక రాబర్ట్ ప్లాంట్ గొంతు అసలు కేక కన్నా ముందే, లోపల ఎక్కడి నుంచో, సన్నగా వినిపిస్తుంది. వేరే టేకులోని గొంతు పూర్తిగా పోక మిగిలిపోతే, దానికి ఎకో కలిపి అలాగే ఉంచేశారు. అయితే అచ్చం ఇలాంటిదే టేపు దోషం కూడా ఒకటుంది. ఏళ్ల తరబడి ఒకే చుట్టలో ఉన్న టేపులో ఒక పొర శబ్దం పక్క పొరకి అంటుకుని, పెద్ద శబ్దానికి ముందు దాని నీడ వినిపిస్తుంది. వినేముందు ఒకసారి చివరిదాకా చుట్టి వెనక్కి తిప్పితే అది కొంత తగ్గుతుంది. ఇక పాటదా టేపుదా అన్నది తేల్చడానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు కాపీలు వినండి. రెండింట్లోనూ అదే చోట ఉంటే పాటదే. రెండూ ఒకే తల్లి క్యాసెట్ నుంచి ఎక్కించినవైతే లెక్కలోకి రావు, అప్పుడు సీడీ ఉన్నవాళ్లని పిలవాలి.

ఒక ఛానల్ పోయిన డెక్ ఇంకో రకంగా మోసం చేస్తుంది. బీటిల్స్ ‘రబ్బర్ సోల్’ (1965) స్టీరియో మిక్స్‌లో గొంతులు చాలామటుకు కుడి వైపు, వాయిద్యాలు ఎడమ వైపు. కుడి ఛానల్ పోతే పాడేవాళ్లే ఉండరు. కలిసి వినేటప్పుడు రెండు స్పీకర్లు రెండు మీటర్ల ఎడంలో పెట్టి, వినేవాళ్లు కూడా అంతే దూరంలో కూర్చోవాలి. రెండు కాపీలు పోల్చేటప్పుడు శబ్దం మట్టం సమానంగా ఉండాలి, ఒక డెసిబెల్ తేడా ఉన్నా గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది. ఒకే ఫోన్‌ని ఒకే చోట పెట్టి కొలవండి. ఫ్యాను కట్టేస్తే మెత్తటి భాగాలు తెలుస్తాయి, మన ఉక్కకి రాత్రి ఎనిమిది దాటాక పెట్టుకోవడం మేలు. మధ్యలో కరెంటు పోతే, పియానో మెట్ల లాంటి బటన్లున్న పాత డెక్‌కి వెంటనే స్టాప్ నొక్కాలి. లేకపోతే రోలర్ కడ్డీకి అదిమి ఉండి, రబ్బరు మీద గుంట పడుతుంది, ఆ తర్వాత ప్రతి పాటా ఊగుతుంది.

ఎల్‌పీల గురించి రెండు మాటలు. మన రెండు జిల్లాలూ హౌరా లైను మీదే ఉన్నాయి. కలకత్తా ఫ్రీస్కూల్ స్ట్రీట్ పాత రికార్డులకి పేరున్న వీధి, వెళ్లొచ్చేవాళ్ల చేత తెప్పించుకోవచ్చు. పాత సూట్‌కేసు ప్లేయర్ల సిరామిక్ కార్ట్రిడ్జి (సూదిని పట్టుకునే భాగం) సూదిని నాలుగైదు గ్రాముల బరువుతో మోపుతుంది, మంచి రికార్డుని దాని మీద పెట్టకండి. మ్యాగ్నెట్ కార్ట్రిడ్జికి రెండు గ్రాములు చాలు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన పాత టర్న్‌టేబుల్ ఏసీ మోటారుదైతే వోల్టేజి మార్చినా లాభం లేదు. 60 హెర్ట్జ్‌కి చేసింది 50 మీద 33 బదులు 28 చుట్లే తిరుగుతుంది. మోటారు పుల్లీయే మార్చాలి.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ల్యాప్‌టాప్ మైకు కన్నం వాడొద్దు, అది ఎక్కువగా మోనో. లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తీసుకుని, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో, అన్నిటికన్నా గట్టి చోటు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టండి. 90 నిమిషాల క్యాసెట్‌కి సుమారు 1.5 జీబీ అవుతుంది, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్‌గా మారిస్తే బాగా తగ్గుతుంది. హిస్ తీసే ఎఫెక్ట్ జోలికి వెళ్లకపోవడమే మంచిది, హిస్‌తోపాటు సింబల్స్ కూడా నీళ్లలో మునిగినట్టవుతాయి. దిద్దని ఫైలు ఒకటి ఎప్పుడూ అలాగే ఉంచి, దిద్దినదాని పేరులో డాల్బీ వేశారా లేదా, వేగం ఎంత శాతం మార్చారు, క్యాసెట్ కంపెనీదా కాపీదా అన్నవి రాయండి. అదే ఆల్బమ్ ఇంకా మంచిది ఇంకెవరి పెట్టెలోనైనా దొరికితే, దేన్ని దేనితో పోల్చాలో అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.