తమ్ముడి పేరు మీద లక్షన్నర విరాళం

2025 మార్చిలో ఒక శనివారం నాన్న ఫోన్ చేశాడు. "అమ్మా, చిన్నోడి పేరు మీద ఇన్‌కం టాక్స్ వాళ్ల నుంచి స్పీడ్ పోస్ట్ వచ్చింది. అంతా ఇంగ్లీషే. ఓసారి వచ్చి చూడు" అన్నాడు. నేను నెల్లిమర్లలో ఒక రైస్ మిల్లులో అకౌంట్లు రాస్తాను. నోటీసు అనగానే కంగారుపడే మనిషిని కాను. గజపతినగరం దగ్గరి మా ఊరు వెళ్లి ఆ కవర్ విప్పి చదివాక మాత్రం చేతులు చల్లబడ్డాయి. 2022-23 అసెస్‌మెంట్ సంవత్సరంలో, అంటే 2021 ఏప్రిల్ నుంచి 2022 మార్చి దాకా సంపాదించినదానిలో, నీ ఆదాయం కొంత పన్ను పడకుండా తప్పిపోయినట్టు మా దగ్గర సమాచారం ఉంది, ఆ లెక్కలు మళ్లీ ఎందుకు తెరవకూడదో జవాబు చెప్పు అని అందులో ఉంది.

మా తమ్ముడు కబడ్డీ ఆడతాడు, లెఫ్ట్ కార్నర్. రామాలయం వెనక మట్టిలో చెడుగుడు ఆడుతూ పెరిగాడు. సంక్రాంతి టోర్నమెంట్లలో వాడు మడమ పట్టాడంటే కూతకొచ్చినవాడు గీత దాటి వెనక్కి పోయేది కష్టమే. అలా ఆడుతూ ఆడుతూ ప్రో కబడ్డీ లీగ్‌లో ఒక జట్టులో చోటు సంపాదించాడు. 2021 డిసెంబర్‌లో మొదలైన ఆ సీజన్‌లో కోవిడ్ వల్ల మ్యాచ్‌లన్నీ బెంగళూరులోనే, జనం లేకుండా జరిగాయి. కాంట్రాక్ట్ 8 లక్షలు. మా ఇంట్లో అంత డబ్బు ఒకేసారి చూసినవాళ్లు ఎవరూ లేరు.

నిజానికి వాడి చేతికొచ్చింది 7,20,000. ఆటగాళ్లకిచ్చే ఫీజులో 10 శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేముందే పట్టుకునే పన్ను, కోసి ఆ 80,000 వాడి పాన్ మీద ప్రభుత్వానికి జమ చేశారు. ఆటగాడు జట్టులో ఉద్యోగి కాడు, డాక్టరు, వకీలు లాగా ఫీజు తీసుకునే మనిషి. అందుకే అప్పటి ఆదాయపు పన్ను చట్టంలోని 194జే సెక్షన్ కింద కోత. ఈ ముక్క మా తమ్ముడికి ఎవరూ చెప్పలేదు. "ఆటల డబ్బుకి టాక్స్ ఉండదంట కదా" అనుకున్నాడు. వాడు అలా అనుకోవడానికీ కారణం ఉంది. మా విజయనగరం జిల్లాలో కొండవెలగాడ లాంటి ఊళ్లున్నాయి, ఇంటింటా బరువులెత్తే పిల్లలు. ఒలింపిక్స్, కామన్వెల్త్ పతకాలకు ప్రభుత్వాలిచ్చే నగదు బహుమతికి అదే చట్టంలోని 10(17ఏ) కింద మినహాయింపు ఉన్నమాట నిజమే. ఆ మాటే ఊళ్లు తిరిగి తిరిగి ఆటల డబ్బంతటికీ పన్ను లేదన్నట్టు తయారైంది. బహుమతి వేరు, కాంట్రాక్ట్ వేరు.

2022 జూలైలో రిటర్న్ వేయాల్సి వచ్చింది. అప్పుడు నాకు రెండో కాన్పు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని వాడు స్నేహితుడు చెప్పిన ఒక కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లాడు. కోసిన 80,000 మొత్తం వెనక్కి తెప్పిస్తాను, అందులో నాకు 8,000 ఇవ్వు అన్నాడట ఆయన. ఆధార్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్సులు తీసుకున్నాడు. కొన్నాళ్లకు 80,000 అకౌంట్లో పడ్డాయి. ఆ డబ్బుతో తమ్ముడు పశువుల పాకకు కొత్త రేకులు వేయించాడు.

ఆ రిటర్న్ కాపీ నేను మొదటిసారి చూసింది నోటీసు వచ్చాకే. లక్షన్నర ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టినట్టు రాశారు, వాడికి ఒక్క పాలసీ కూడా లేదు. మేమెవరం పేరు కూడా వినని ఒక రాజకీయ పార్టీకి ఇంకో లక్షన్నర విరాళం. ఎనిమిదిలో మూడు పోతే సరిగ్గా 5 లక్షలు. మినహాయింపులు చూపించుకునే పాత విధానంలో 5 లక్షల దాకా రిబేటు ఉంది, అంటే పడిన పన్ను మాఫీ, కాబట్టి పన్ను సున్నా. లెక్క ఎంత నున్నగా ఉందో చూస్తుంటే కడుపు మండింది. ఇది పొరపాటున పడిన అంకె కాదు, 5 లక్షల దగ్గర ఆపడానికి వెనక నుంచి కట్టుకొచ్చిన అంకె. 2025 జూలైలో ఇలాంటి దొంగ మినహాయింపుల మీదే దేశంలో 150 చోట్ల ఆదాయపు పన్ను శాఖ సోదాలు చేసింది. మావాడొక్కడే కాదని అప్పుడు తెలిసింది.

నా బాధ ఇంకొకటి ఉంది. ఏ మినహాయింపూ లేకపోయినా పాత విధానంలో ఆ 8 లక్షల మీద పన్ను, సెస్సుతో కలిపి 75,400. న్యాయంగా 4,600 వెనక్కి వచ్చేది. వాడి అసలు ఖర్చులు చూపించి ఉంటే ఇంకా వచ్చేది. ఫిజియోథెరపిస్టు ఫీజు, మ్యాట్ బూట్లు, మోకాలి పట్టీలు, జిమ్, రైలు టికెట్లు. అమ్మ ఆ బిల్లులన్నీ బియ్యం డబ్బా మీద ఒక ప్లాస్టిక్ కవర్లో దాచింది. నేల మీద పరిచి కూడితే లక్షా నలభై వేలు తేలింది. చట్టం తెరిచి పెట్టిన తలుపది. దాని పక్క నుంచి వాణ్ణి గోడ దూకించారు.

నోటీసు సంగతి పోస్టాఫీసు నుంచో టీ కొట్టు నుంచో ఊళ్లోకి పాకింది. యూత్ వాట్సాప్ గ్రూపులో ఎవడో "8 లక్షలు ఎగ్గొట్టిన కబడ్డీ స్టార్" అని పెట్టాడు. కాంట్రాక్టే 8 లక్షలైతే పన్ను 8 లక్షలెలా ఎగ్గొడతాడు? ఆ మాట అడిగినవాడు లేడు. అమ్మ మూడు వారాలు గుడికి వెళ్లలేదు. ఒక రాత్రి వాడు నా దగ్గరికొచ్చి కూర్చుని, "అప్పా, నాను దొంగోడినా ఏటి?" అన్నాడు. ఇరవయ్యారేళ్లవాడు, నా కళ్లలోకి చూడలేకపోయాడు.

పిన్ని కొడుకు ధైర్యం చెబుదామని, "మెస్సీ అంతోడే ఎగ్గొట్టినాడు, నీదెంత" అన్నాడు. అసలు ఏం జరిగిందో కూర్చుని చదివాను. 2007 నుంచి 2009 దాకా తన పేరు, ఫొటో వాడుకున్నందుకు వచ్చిన డబ్బును బెలీజ్, ఉరుగ్వే కంపెనీల ద్వారా తిప్పి 41 లక్షల యూరోల పన్ను తప్పించారన్నది మెస్సీ మీద కేసు. నేను ఫుట్‌బాల్ ఆడాను, నాన్ననూ లాయర్లనూ నమ్మి సంతకాలు పెట్టాను అన్నాడు కోర్టులో. బార్సిలోనా కోర్టు ఒప్పుకోలేదు. 2016లో 21 నెలల శిక్ష వేసింది, 2017లో స్పెయిన్ సుప్రీంకోర్టూ అదే మాట చెప్పింది. చివరికి జైలు బదులు 2,52,000 యూరోల జరిమానాగా మారింది.

అది చదివి తమ్ముడి ముందు పెట్టాను. "నువ్వు దొంగవి కావు. కానీ సంతకం నీది. చదవలేదు అంటే వాళ్లు వినరు" అన్నాను. కటువుగానే అన్నాను. తెలుసు, అప్పుడు అలా చెప్పేవాళ్లు వాడికి ఇంకెవరూ లేరు.

సచిన్ టెండూల్కర్ సంగతి కూడా చెప్పాను. విదేశీ కంపెనీల ప్రకటనలకు వచ్చిన డబ్బుకు, నేను నటించాను కాబట్టి కళాకారుడికిచ్చే మినహాయింపు ఇవ్వండి అని ఆయన అడిగాడు. అధికారులు కాదన్నారు, 2011లో ముంబైలోని ఆదాయపు పన్ను అప్పీళ్ల ట్రిబ్యునల్ అవునంది. ఆదాయం దాచలేదు, బల్ల మీద పెట్టి వాదించాడు. మనమూ అలాగే పెడదాం అన్నాను.

జవాబు రాయడానికి ఆదాయపు పన్ను పోర్టల్ తెరిస్తే ఇంకో దెబ్బ. వాడి ప్రొఫైల్లో ఉన్న ఈమెయిలూ ఫోన్ నంబరూ ఆ కన్సల్టెంట్‌వి. అంతకుముందు శాఖ పంపిన మెయిళ్లన్నీ ఆయనకే వెళ్లాయి, ఒక్కటీ మాకు చెప్పలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చి, నంబర్ మార్చాం. వాడి ఫోన్‌కి ఆరంకెలొస్తే ఒక్కొక్కటీ పైకి చదివాడు.

ప్రీమియం అబద్ధం, విరాళం అబద్ధం అని ఒప్పుకుంటూ కొత్త రిటర్న్ వేశాం. బిల్లులు జవాబుకు జతచేశాం, ఆఫీసర్ ఒప్పుకోవాలి. పన్నూ వడ్డీ కట్టడానికి నాన్న ఒక గేదెను అమ్మాడు. తప్పుడు వివరాలిస్తే జరిమానా, తప్పించిన పన్నుకు రెండింతలు ఉంటుంది. ఆ ఉత్తర్వు ఇంకా రాలేదు. రోజూ రాత్రి అన్నం తిన్నాక వాడే లాగిన్ అయ్యి చూస్తున్నాడు.