వర్జీనియా పటం, ఏడో ప్రయత్నం: నాలుగు సెంటీమీటర్ల రైలు దగ్గర మళ్లీ ఆగింది

ఏడోసారీ చెడింది. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాలు గెలిచి విడిపోయి ఉంటే అమెరికా హద్దులు ఎలా ఉండేవో గీస్తున్నా కదా, టెక్సస్, టెన్నెసీ కుదిరాయి. అరిజోనాని 34వ అక్షాంశం దగ్గర కోసేశా, ఐదు నిమిషాల పని. వర్జీనియా వాయవ్య మూల ఒక్కటే మూడు ఆదివారాలు తినేసింది.

వర్జీనియా పటానికి కాగితం ఏ3, స్కేలు 1:25,00,000. అంటే మిల్లీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. 1860 నాటి కౌంటీ (మన జిల్లా లాంటిది) హద్దులు న్యూబెర్రీ లైబ్రరీ అట్లాస్‌వి.

నా కథలో 1862 చివర్లో దక్షిణం గెలుస్తుంది, 1863 మార్చిలో సంధి. ఆ మార్చే కొంప ముంచింది. వర్జీనియా పడమటి కౌంటీలు ఉత్తరంతోనే ఉంటామని విడిపోయి కట్టుకున్న రాష్ట్రం వెస్ట్ వర్జీనియా. దాని బిల్లు మీద లింకన్ సంతకం చేసింది 1862 డిసెంబరు 31న, రాష్ట్రం ఏర్పడింది 1863 జూన్ 20న. సంధి నాటికి అదింకా కడుపులో బిడ్డ. దాని హద్దు ఎవరు ఒప్పుకుంటారు?

సరే, ఉత్తరానికి బిల్లులో ఉన్న 48 కౌంటీలనే తీసుకున్నా. బర్క్‌లీ, జెఫర్సన్ కౌంటీలు అందులో లేవు, తర్వాత కలిశాయి. బాల్టిమోర్ అండ్ ఒహైయో రైలు హార్పర్స్ ఫెర్రీ దగ్గర పోటోమాక్ నది దాటి, మార్టిన్స్‌బర్గ్ మీదుగా వెళ్లేది సరిగ్గా ఆ రెండు కౌంటీల్లోంచే. హార్పర్స్ ఫెర్రీ నుంచి కంబర్లాండ్‌కి పటం మీద నాలుగు సెంటీమీటర్లు కూడా లేదు. కానీ వాషింగ్టన్‌ని పడమటితో కలిపే ఆ లైన్ పరాయి దేశంలోంచి పోతుంటే ఉత్తరం సంధి మీద సంతకం పెడుతుందా? నేనైతే పెట్టను.

అప్పుడు తెలివి ఎక్కువై, కొండల నీటి హద్దు పట్టుకుందామనుకున్నా: ఒహైయో నదిలోకి పారేదంతా ఉత్తరానికి, అట్లాంటిక్ వైపు పారేది దక్షిణానికి. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఎత్తుల డేటాతో గీత తీశా, చూడ్డానికి ఎంత బాగుందో! తీరా చూస్తే న్యూ రివర్ పుట్టేది నార్త్ కరొలైనాలో. గీత అక్కడిదాకా దిగిపోయి సాల్ట్‌విల్ ఉప్పు బావుల్నీ, వైత్ కౌంటీ సీసం గనుల్నీ ఉత్తరానికి ఇచ్చేసింది. ఉప్పూ తూటాలూ వదులుకునే విజేత ఉంటాడా? పైగా రైలు సమస్య అలాగే ఉంది, ఎందుకంటే ఆ రెండు కౌంటీల నీళ్లూ పోటోమాక్‌లోకే, అంటే దక్షిణానికే.

మిగిలింది వర్జీనియా విడిపోవాలా వద్దా అని 1861 మే 23న జరిగిన ఓటింగ్. విడిపోదామన్న కౌంటీలు దక్షిణానికి అనుకుంటే గ్రీన్‌బ్రయర్, మన్రో ఇటు వస్తాయి, బాగానే ఉంది. మిగతా చోట్ల పటం జల్లెడలా తయారైంది. జల్లెడని సున్నితం చేద్దామని బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో నోడ్లు (గీత మలుపుల చుక్కలు) తగ్గిస్తే పక్కపక్క కౌంటీల మధ్య 0.3 మిల్లీమీటర్ల సందులు. నేల మీద అది ముప్పావు కిలోమీటరు, ఏ దేశానికీ చెందని భూమి! ఇంక్‌స్కేప్ అక్షరాలకే పనికొస్తుంది, హద్దులకి కాదు. నోడ్లు క్యూజీఐఎస్‌లోనే తగ్గించుకుని రావాలి. ఫోటోషాప్‌లో పటాలు గీసేవాళ్ల ఓపికకి దండం.

రాజధాని గుర్తుగా పెట్టిన వాషింగ్టన్ నక్షత్రం ఇంకో తలనొప్పి. నది అవతల వర్జీనియా వైపున్న ఆర్లింగ్టన్ ఇంటి నుంచి వైట్ హౌస్‌కి సుమారు 3.6 కిలోమీటర్లు, అంటే దాదాపు 1.4 మిల్లీమీటర్లు. నా నక్షత్రం వెడల్పు 3. ఒక కొన దక్షిణంలో పడింది. రాజధానికి ఫిరంగి దూరంలో సరిహద్దు అని ఆ కొనే చెబుతోంది కాబట్టి ఉంచేశా. నది మాత్రం మొత్తం ఉత్తరపు నీలమే, ఇంగ్లండ్ రాజు ఇచ్చిన 1632 చార్టర్ (పట్టా) ప్రకారం అవతలి ఒడ్డు దాకా మేరీల్యాండ్‌దే.

నా అనుమానం, తప్పు గీతలో లేదు, తేదీలో ఉంది. సంధిని డిసెంబరుకు జరిపితే రాష్ట్రం ఏర్పడిపోయి ఉంటుంది, ఆ రెండు కౌంటీలూ కలిసిపోయి ఉంటాయి. కాకపోతే జులైలో ఉత్తరం గెలిచిన గెటిస్‌బర్గ్ యుద్ధాన్ని కూడా తిరగరాయాలి. అది ఇష్టం లేకపోతే రైలు వెంట రెండు మిల్లీమీటర్ల చారల పట్టీ వేసి, ఉమ్మడి పాలన అనాలి. ముందు పట్టీ ప్రయత్నిస్తా.

దాని తర్వాత పటం బానిసలు పారిపోయే దారులది. 1860లో వర్జీనియాలో బానిసలు 4,90,865 మంది. విడిపోయాక పారిపోయిన బానిసల్ని పట్టి యజమానికి అప్పగించాలన్న 1850 నాటి పట్టివేత చట్టం ఉత్తరంలో ఎవరికోసం నడుస్తుంది? కెనడా దాకా పోనక్కర్లేదు, పోటోమాక్ దాటితే చాలు. దానికి కౌంటీల వారీ జనాభా లెక్కలు దించుకోవడం మొదలుపెట్టా. తెలుగు పేర్లు నది వంపు వెంట పెడితే ఒత్తులు విడిపోతున్నాయి, అదీ చూడాలి.