బండి వెనుక వేలాడినట్టు

ఓడలో పనిచేస్తానని చెప్తే నర్సంపేటలో ఎవరైనా మొదట అడిగేది జీతం. రెండోది, "డాల్ఫిన్లను చూసినవా?" తుఫాను గురించి ఎవరూ అడగరు, నిద్ర లేని వాచీల (కాపలా డ్యూటీల) గురించి అస్సలు అడగరు.

మాకు సముద్రం గాలి కూడా తగలదు. చిన్నప్పుడు నాకు తెలిసిన పెద్ద నీళ్లంటే పాకాల చెరువే. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టింది. ఆ కట్ట మీద నిలబడి సముద్రమంటే ఇంతే ఉంటుందని మా తమ్ముడికి గట్టిగా చెప్పినవాణ్ని నేను. తర్వాత ఓడలో కింది స్థాయి పనులు నేర్పే రేటింగ్ కోర్సు చేశా, సీడీసీ (ఓడ పనివాళ్ల గుర్తింపు పుస్తకం) చేతికొచ్చింది, ఒక ఏజెంటు ఏడాదిన్నర తిప్పాడు (దాని మీద వేరే పోస్టు రాయాలి, ఇప్పుడు రాస్తే బీపీ పెరుగుతుంది). చివరికి విడి సరుకు మోసే ఒక బల్క్ క్యారియర్ మీద ఓఎస్‌గా ఎక్కాను. ఓఎస్ అంటే డెక్కు మీద అందరికన్నా కింది మనిషి. తుప్పు కొట్టాలి, రంగు వెయ్యాలి, మళ్లీ తుప్పు కొట్టాలి.

మూడో వారం. శ్రీలంకకు దక్షిణంగా పోతున్నాం. పొద్దున తొమ్మిదింటికి ఫోక్సల్ (ఓడ ముందు భాగపు డెక్కు) మీద, లంగరు గొలుసు లాగే విండ్‌లాస్ పక్కన కూర్చుని చిప్పింగ్ హామర్‌తో తుప్పు కొడుతున్నా. మా బోసన్‌ది, అంటే డెక్కు పనివాళ్ల మేస్త్రీది, రత్నగిరి వైపు, అందరం సారంగ్ అనే పిలిచేవాళ్లం. ఆయన వచ్చి హామర్ నా చేతిలోంచి తీసుకుని, "అయిదు నిమిషాలు. పో, కిందికి చూడు" అన్నాడు.

ఓడ ముక్కు దగ్గర చప్పుడే ఉండదు. ఇంజను ఎక్కడో వెనుక చివర. ఇక్కడ నీళ్లు చీలుతున్న సవ్వడి తప్ప ఏమీ ఉండదు. అందుకే కంటికన్నా ముందు చెవికి తెలిసింది. ఫుస్స్. కాసేపాగి మళ్లీ ఫుస్స్. సైకిల్ ట్యూబు వాల్వు తీస్తే వచ్చే చప్పుడు. వంగి చూస్తే ఏడో ఎనిమిదో డాల్ఫిన్లు, ఓడ ముక్కుకు జానెడు దూరంలో ఉన్నట్టే పోతున్నాయి. ఊపిరికి పైకొచ్చినప్పుడల్లా నెత్తి మీది రంధ్రం తెరుచుకుని మూసుకోవడం కూడా కనిపించింది. ఒకటి పక్కకు ఒరిగి ఒంటికన్నుతో పైకి చూసింది. నన్నే చూసిందని ఆ రోజు ఎవరి మీదైనా ఒట్టేసేవాణ్ని. దూరంగా ఇంకోటి గాల్లోకి లేచి బొంగరంలా తిరిగి పడింది. వాటిని స్పిన్నర్ డాల్ఫిన్లంటారని తర్వాత సెకండ్ ఆఫీసర్ చెప్పాడు.

ఒక సంగతి మాత్రం అప్పుడే అనుమానమొచ్చింది. ఓడ 12 నాట్ల మీద పోతోంది, అంటే గంటకు 22 కిలోమీటర్లు. అవి సరిసమానంగా పోతున్నాయి గానీ తోకలు ఆడటం లేదు.

సెకండ్ ఆఫీసర్‌నే అడిగా. ఓడ పోతుంటే ముందున్న నీళ్లను తోస్తుంది కదా, ఆ తోపు మీద పడుకుంటాయి, అంతే అన్నాడు. అంటే మా కోసం రాలేదన్నమాట. ఒక్క క్షణం చిన్నబుచ్చుకున్నా. తర్వాత మా ఊరి మిరపకాయ బస్తాల బండి గుర్తొచ్చింది. బడి వదిలాక ఆ బండి వెనుక కట్టె పట్టుకుని, కాళ్లు పైకి ముడుచుకుని చెరువు మలుపు దాకా వేలాడేవాళ్లం. బండాయన వెనక్కి చూడకుండానే చెర్నకోల విసిరేవాడు. ఆయన మీద ప్రేమతో ఎక్కామా? డాల్ఫిన్లదీ అదే లెక్క. మేం వెనుక వేలాడాం, అవి ముందు.

ఇప్పుడు ఇన్నేళ్ల తర్వాత నాకనిపించేది, అవి తోపు కోసమే వస్తే మంచిదని. మనిషి కోసం వచ్చినవాటి కథలు చదివితే మనసుకు బాగుండదు. న్యూజిలాండ్‌లో పెలోరస్ జాక్ అనే డాల్ఫిన్ 1888 నుంచి 1912 దాకా, ఇరవై నాలుగేళ్లు, ఒకే దారిలో వచ్చే ఓడలకు ఎదురొచ్చేది. ఒళ్లు ఓడకు రుద్దుకునేది. దాన్ని ఎవరో తుపాకీతో కాల్చబోయారని చెప్పుకుంటారు. 1904లో ప్రభుత్వం దానికి రక్షణగా ఉత్తర్వు ఇవ్వాల్సొచ్చింది. అక్కడే ఓపో అని ఇంకోటి. 1955 చివర్లో ఓపోనోని అనే ఊరి ఒడ్డుకు వచ్చి పిల్లలతో బంతాట ఆడింది. జనం బస్సులు కట్టుకుని వచ్చారు. 1956 మార్చిలో దాని కోసం చట్టం తెచ్చారు. మరునాడే అది రాళ్ల సందులో చచ్చి దొరికింది.

ఆ మొదటి రోజు తర్వాత నేను దగ్గర నుంచి చూసిన డాల్ఫిన్ బతికి లేదు. కాకినాడ బయట యాంకరేజ్‌లో (లంగరు వేసే చోట) ఉన్నప్పుడు గ్యాంగ్‌వే నిచ్చెన పక్కగా తేలుతూ వచ్చింది. ముక్కుకు, రెక్కలకు నైలాన్ వల ముక్క చుట్టుకుని ఉంది, దారం చర్మంలోకి దిగింది. నీళ్లలో గోడలాగా నిలబెట్టే సన్న వల అది. డాల్ఫిన్ తన చప్పుడు తిరిగొచ్చేదాన్ని బట్టి దారి పట్టుకుంటుంది, అంత సన్న దారం నుంచి సరైన జవాబు రాదు. చిక్కుకుంటే పైకి రాలేదు, ఊపిరి అందదు. నీళ్లలోనే పుట్టినది నీళ్లలోనే మునిగి చస్తుంది. ఆ పూట మెస్సులో చేపల కూర. ముట్టుకోలేదు. మరునాడు తిన్నాననుకోండి.

పాకాలలో వల వేసే దోస్తుకు ఇదంతా చెప్పాను. బ్రెజిల్‌లో లగూనా అనే చోట డాల్ఫిన్లే చేపల్ని ఒడ్డుకు తోలుకొస్తాయని, అవి సైగ చేసినప్పుడే జాలర్లు విసురు వల విసురుతారని, నూరేళ్లకు పైగా ఇట్లనే నడుస్తోందని కూడా చెప్పా. అంతా విని, "నాకొకటి పట్టుకరారాదు, సొసైటీల మెంబరు జేస్త" అన్నాడు.

అవ్వ సంగతి వేరు. ఆమెకు డాల్ఫిన్ చేప కాదని చెప్పడానికే ఒక సాయంత్రం పట్టింది.

"పాలిస్తదా? బర్రె లెక్కనా?"

"ఆ, ఇస్తది."

"నీళ్లల్ల పిల్ల ఎట్ల తాగుతది రా?"

తల్లే పిల్ల నోట్లోకి చిమ్ముతుందన్నాను. బాగా ఆలోచించి, తలూపింది. మన దేశంలో నదిలో కూడా ఉంటాయి, గంగలో, 2009లో జాతీయ జలచరమని ప్రకటించారు అని చెప్తే లేచి కూర్చుంది. "గంగలనా? ధర్మపురి కాడనా?" ఆమె పుట్టిల్లు జగిత్యాల దిక్కు, అక్కడ గోదావరినే గంగ అంటారు. ఆ గంగ కాదే అవ్వా అంటే మొహం చిన్నదైంది.

ఫోన్‌లో నలభై సెకన్ల వీడియో ఉంది, ఆ మొదటి రోజుది. కళ్లద్దాలు పెట్టుకుని మూడుసార్లు చూసింది. తోపు సంగతి, మిరపకాయల బండి సంగతి చెప్పాను. ఆ బండాయన ఆమెకూ తెలుసు, నా వీపు మీది వాతలకు నూనె రాసింది ఆమే.

"మరి మీ సారంగు చెర్నకోల ఎత్తలేదా?" అంది.

"ఎత్తలే. అయిదు నిమిషాలు కాంగనే హామర్ మళ్ల నా చేతుల పెట్టిండు."